జొహానెస్‌బర్గ్ నుంచి క్రూగర్ దాకా చంటిపిల్లలతో కారు ప్రయాణం: గేటు మూసేలోపు చేరడం ఎలా?

దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల మిడ్రాండ్, సెంచూరియన్, ఫోర్‌వేస్ ప్రాంతాలలో ఉద్యోగరీత్యా ఉంటున్న తెలుగు కుటుంబాలలో ఎవరికి జూన్ సెలవులు దగ్గరపడినా, ఎవరింటికి హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో అమ్మమ్మా తాతయ్యా వచ్చినా, నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. “రెండేళ్ల పాపను, అయిదేళ్ల బాబును వెంటబెట్టుకుని క్రూగర్‌కు కారులో ఒక్క రోజులో వెళ్లగలమా?” అని. తప్పకుండా వెళ్లవచ్చు. అయితే ప్రతిసారీ ఫోనులో గంటసేపు చెప్పే విషయాలన్నీ ఒకచోట ఉంటే అందరికీ పనికొస్తాయన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను. క్రూగర్ అంటే ఇక్కడి పెద్ద వన్యప్రాణి పార్కు, కానీ అందులో జంతువులను ఎక్కడ చూడాలన్నది ఇక్కడ రాయడం లేదు. ఇల్లు తాళం వేసిన క్షణం నుంచి పార్కు లోపల బస చేసే శిబిరంలో పిల్లలు నిద్రపోయే దాకా గడిచే ఆ ఒక్క రోజు గురించే ఇదంతా.

జొహానెస్‌బర్గ్ నుంచి పార్కు ప్రవేశ ద్వారాలలో ఒకటైన మలెలానే గేటు సుమారు 400 కిలోమీటర్లు. రోడ్డు బాగుంటుంది, మన దేశంలో లాగే ఎడమవైపు నడపాలి, కాబట్టి దూరం పెద్ద కష్టమేమీ కాదు. చిక్కంతా సాయంత్రం గేటు మూసే వేళతోనే వస్తుంది. మేము మొదటిసారి ఒక జూన్ నెలలో తాపీగా పదిన్నరకు బయలుదేరి, పిల్లలు అడిగిన చోటల్లా ఆగి, 5:40కి గేటు చేరాము. జూన్‌లో గేటు 5:30కే మూస్తారు. చీకటిలో ఏడుస్తున్న పాపతో వెనక్కి మళ్లి మలెలానే ఊళ్లో గది వెతుక్కున్నాము. శిబిరంలో ముందే కట్టిన ఆ రాత్రి అద్దె వృథా అయింది. తప్పు పూర్తిగా మాదే.

కావలసినవి

కాగితాలు: పెద్దవాళ్లందరి గుర్తింపు పత్రాలు లేదా పాస్‌పోర్టులు, శిబిరం బుకింగ్ పత్రం, నడిపేవారి లైసెన్సు. ఇంగ్లీషులో ఫొటోతో, సంతకంతో ఉన్న భారతీయ లైసెన్సు ఇక్కడ చెల్లుతుంది గానీ, అద్దె కారు తీసుకునేవారు అంతర్జాతీయ పర్మిట్ కూడా తెచ్చుకుంటే వాదన ఉండదు. పిల్లల జనన ధ్రువపత్రాల నకళ్లు కూడా దగ్గర ఉంచుకోండి. తల్లిదండ్రులలో ఒకరే పిల్లలను విదేశం నుంచి తీసుకువస్తున్నా, సరిహద్దు దాటిస్తున్నా రెండవవారి అంగీకార పత్రం అడిగే అవకాశం ఉంది.

కారులోకి: ప్రతి పిల్లకూ వయసుకు తగిన కారు సీటు, మూత గట్టిగా పట్టే పాటీ ఒకటి, చెత్త సంచులు, మనిషికి కనీసం 2 లీటర్ల నీళ్లు, తడి తుడుపు కాగితాలు, పక్క కిటికీలకు ఎండ తెరలు, ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు. ఆ బట్టలు డిక్కీ అడుగున పెద్ద పెట్టెలో కాకుండా చేతికందే సంచిలో ఉండాలి.

మందులు: జ్వరానికి పారాసిటమాల్ సిరప్, థర్మామీటరు, ఓఆర్ఎస్ పొడి, దోమల క్రీము, డాక్టరు రాసిన మలేరియా మాత్రలు.

తిండి: ఇక్కడివాళ్లు ప్రయాణపు తిండిని పాట్‌కోస్ అంటారు, అంటే మన సద్దిమూటే. చింతపండు పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది, కొబ్బరి పడినదేదీ నిలవదు. దద్దోజనం తేవాలనుకుంటే ఐసు పెట్టిన డబ్బాలోనే తెచ్చి మధ్యాహ్నానికల్లా తినేయండి. ఇక్కడ ఎండాకాలమైన డిసెంబరులో పన్నెండింటికే పులిసిపోతుంది.

1. గేటు మూసే వేళ నుంచి వెనక్కి లెక్క వేయండి

క్రూగర్ ప్రవేశ ద్వారాలు మే నుంచి జూలై వరకు ఉదయం 6:00కు తెరిచి సాయంత్రం 5:30కు మూస్తారు. ఏప్రిల్, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో 6:00 నుంచి 6:00 వరకు, మార్చి, అక్టోబరులలో 5:30 నుంచి 6:00 వరకు, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు 5:30 నుంచి 6:30 వరకు తెరిచి ఉంటాయి. బయలుదేరే ముందు ఆ నెల వేళలను పార్కును నడిపే సంస్థ సాన్‌పార్క్స్ సైటులో మరొకసారి చూసుకోండి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. లోపలి శిబిరాల గేట్లు కూడా సాయంత్రం అదే వేళకు మూస్తారు. అందువల్ల 5:25కు ప్రవేశ ద్వారం దగ్గరికి చేరినా, శిబిరం ఇంకా 60 కిలోమీటర్ల లోపల ఉంటే ప్రయోజనం లేదు. పార్కులో తారు రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40. దారికి అడ్డంగా ఏనుగుల గుంపు నిలబడితే అది కదిలే దాకా మీరు ఆగవలసిందే. నేనైతే లోపలి దూరాన్ని గంటకు 25 కిలోమీటర్ల చొప్పున లెక్కిస్తాను.

జూన్ నెలకు నా లెక్క ఇలా ఉంటుంది. నడపడానికి నాలుగున్నర గంటలు, మూడు మజిలీలకు కలిపి రెండు గంటలు, వాంతి, పంచరు, రోడ్డు పనుల వంటి అనుకోని వాటికి ఒక గంట. మొత్తం ఏడున్నర గంటలు. ఉదయం 7:00కు ఇల్లు దాటితే, అంతా సాఫీగా జరిగితే 1:30కు, జరగకపోతే 2:30కు గేటు దగ్గర ఉంటారు. శిబిరాలలో గదులు ఇచ్చేది 2:00 నుంచి కాబట్టి ఇంకా ముందు చేరినా గది దొరకదు.

తెల్లవారుజామున 4:00కు బయలుదేరితే పిల్లలు నిద్రలోనే సగం దారి గడిచిపోతుందని సలహా ఇచ్చేవారున్నారు. నాకు అది నచ్చదు. జూన్‌లో ఏడింటికి గానీ సరిగా వెలుగు రాదు, దారిలో వచ్చే బెల్‌ఫాస్ట్ ఊరి చుట్టుపక్కల పొద్దున్నే దట్టమైన పొగమంచు పడుతుంది, పక్క దేశం మొజాంబిక్‌లోని మపూటో రేవుకు వెళ్లే లారీలన్నీ ఈ దారినే నడుస్తాయి. పిల్లల నిద్ర కలిసివస్తుంది గానీ నడిపేవారి నిద్ర చెడుతుంది.

2. గేటును, శిబిరాన్ని పిల్లల కోసం ఎంచుకోండి

మొదటి రాత్రికి నేను అందరికీ బెర్గ్-ఎన్-డాల్ శిబిరం చెబుతాను. మలెలానే గేటు నుంచి అది 12 కిలోమీటర్లే. ఈత కొలను, భోజనశాల ఉన్నాయి. కంచె లోపలి నుంచే ఆనకట్ట చెరువు చూస్తూ నడిచే బాట ఉంది. రోజంతా సీటుకు కట్టుబడిన పిల్లలకు కాళ్లు చాపి పరిగెత్తే చోటు కావాలి, మిగిలినవన్నీ తరువాత. స్కుకూజా పెద్ద శిబిరం, డాక్టరు కూడా అందుబాటులో ఉంటారు. కానీ మలెలానే గేటు నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు లోపల ఉంది. రెండవ రాత్రికి అక్కడికి మారడం మేలు. బడి సెలవులలో గదులు నెలల ముందే అయిపోతాయి.

హెచ్చరిక: ఫోనులోని మ్యాపులో “క్రూగర్ నేషనల్ పార్క్” అని మాత్రమే కొట్టవద్దు. పార్కు దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు ఉంటుంది, మ్యాపు తనకు తోచిన గేటుకు తీసుకుపోతుంది. “మలెలానే గేట్” అని స్పష్టంగా పెట్టి, ఎన్4 రహదారి వదలకుండా వెళుతున్నదో లేదో చూసుకోండి. 2022 అక్టోబరులో నంబి గేటుకు వెళ్లే దారిలో పర్యాటకుల వాహనంపై దాడి జరిగి ఒక జర్మన్ పర్యాటకుడు మరణించాడు. దగ్గరి దారి అని మ్యాపు ఎంత ఊరించినా, పిల్లలతో ఉన్నప్పుడు నేను ఆ వైపు వెళ్లను. పార్కులో చాలాచోట్ల సిగ్నలు ఉండదు కనుక మ్యాపును ముందే ఫోనులో దింపి ఉంచుకోండి.

3. రెండు మూడు వారాల ముందు డాక్టరును కలవండి

క్రూగర్ ఉన్న లోవెల్డ్ ప్రాంతం మలేరియా ప్రాంతం. సెప్టెంబరు నుంచి మే వరకు ప్రమాదం ఎక్కువ, చలికాలంలో తక్కువ, పూర్తిగా లేకుండా మాత్రం పోదు. పిల్లలకు మాత్ర మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి అదే వారం పిల్లలను తూచి ఆ అంకె డాక్టరుకు చెప్పండి. పెద్దల మాత్రను అందాజుగా విరిచి ఇవ్వడం, పోయినసారి మిగిలినది వాడటం వద్దు. డాక్సీసైక్లిన్ 8 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వరు. అటోవాక్వోన్-ప్రొగ్వానిల్ రాస్తే దానిని ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఉన్నన్నాళ్లు రోజూ ఒకే వేళకు పాలతో గానీ అన్నంతో గానీ ఇచ్చి, తిరిగి వచ్చాక 7 రోజులు కొనసాగించాలి. ఆ చివరి 7 రోజులను మరచిపోయే ఇళ్లు నేను చాలా చూశాను. బడి మొదలవుతుంది, డబ్బా అలమారలోకి పోతుంది.

ప్రత్యామ్నాయం: ఏడాది నిండని బిడ్డ ఉంటే, లేదా మాత్రలంటే మీకు మనసొప్పకపోతే, ఈ ఏడాదికి క్రూగర్ మానుకుని పిలానెస్‌బర్గ్ వెళ్లండి. సన్ సిటీ పక్కనే ఉంది, రెండున్నర గంటల ప్రయాణం, మలేరియా లేదు, ఏనుగులూ సింహాలూ ఖడ్గమృగాలూ అక్కడా ఉన్నాయి.

4. కారు సీట్లు ముందురోజే బిగించండి

దక్షిణాఫ్రికాలో 2015 మే నుంచి మూడేళ్లలోపు పిల్లలను కారు సీటులోనే కూర్చోబెట్టాలన్నది చట్టం. చట్టం లేకపోయినా ఇది చేయవలసిందే. ఎన్4 మీద వాహనాలు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోతాయి. ఆ వేగంలో గట్టిగా బ్రేకు పడితే ఒడిలోని బిడ్డను ఏ తల్లి చేతులూ పట్టి ఆపలేవు.

మన ఇళ్లలో దీనికి అడ్డం వచ్చేది ప్రేమే. “పాప ఏడుస్తోందమ్మా, కాసేపు నా ఒళ్లో పడుకోబెట్టు” అని వెనక సీటులోంచి అమ్మమ్మ అంటుంది. ఆమెకు ఎదురు చెప్పడం కారులో కుదరదు, ఇంట్లోనే ముందురోజు చెప్పి ఉంచాలి. మేము ఒక ఒప్పందం చేసుకున్నాము: పాప ఎంత ఏడ్చినా బెల్టు విప్పము, కానీ పావుగంటలోపు ఎక్కడైనా ఆపుతాము. అత్తగారు ఆ మాటకు కట్టుబడ్డారు, మేమూ కట్టుబడ్డాము.

సరిచూడటం ఇలా: సీటును బెల్టు పోయే చోట పట్టుకుని అటూ ఇటూ కుదపండి. రెండున్నర సెంటీమీటర్ల కన్నా ఎక్కువ కదిలితే మళ్లీ బిగించాలి. తరువాత బిడ్డను కూర్చోబెట్టి, భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత చేతికి వస్తే పట్టీ వదులుగా ఉన్నట్టే. చలికాలం ఉదయం దూదికోటు తొడిగి పట్టీ బిగిస్తే బిగిసినట్టే కనిపిస్తుంది, లోపల వదులుగానే ఉంటుంది. కోటు విప్పి, పట్టీ బిగించి, పైన దుప్పటి కప్పండి. అద్దె కారు తీసుకునేవారు సీటు వాళ్లిస్తారులే అని విమానాశ్రయం దాకా ఊరుకోవద్దు, బుకింగులోనే వయసు, బరువు రాయించండి.

5. ఊరు దాటేదాకా జాగ్రత్త

ముందురోజు రాత్రే పెట్రోలు నింపి, టైర్లలో గాలి, స్టెప్నీ చూసుకోండి. ఇక్కడ ట్రాఫిక్ సిగ్నలును రోబోట్ అంటారు. “రెండో రోబోట్ దగ్గర ఎడమకు తిరగండి” అని ఎవరైనా చెబితే కంగారుపడవద్దు. రోబోట్ల దగ్గర ఆగినప్పుడు అద్దాలు పైకి, తలుపులు తాళం వేసి, ఫోన్లు, చేతిసంచులు కనిపించకుండా ఉండాలి. అద్దం పగలగొట్టి సంచి లాక్కుపోవడం ఇక్కడ మామూలు దొంగతనం.

ప్రిటోరియా మీదుగా వచ్చేవారికి ఎన్4లో డైమండ్ హిల్, మిడెల్‌బర్గ్, మచాడో, న్కొమాజీ టోల్‌గేట్లు తగులుతాయి. విమానాశ్రయం వైపు నుంచి ఎన్12 పట్టుకుంటే ఎమలాహ్లేని, అంటే పాత విట్‌బ్యాంక్, దగ్గర ఎన్4లో కలుస్తారు, డైమండ్ హిల్ తప్పుతుంది. కార్డుతో పాటు కొంత నగదు కూడా ఉంచుకోండి.

6. ఆకలి వేయకముందే ఆగండి

పిల్లలతో ప్రయాణంలో మజిలీని గడియారం నిర్ణయించాలి. ఏడుపు మొదలయ్యాక ఆగే చోటు వెతికితే హైవే అంచున ఆపవలసి వస్తుంది, అది ప్రమాదకరం. గంటన్నర నుంచి రెండు గంటలకొకసారి, నిద్రపోతుంటే మాత్రం నిద్ర చెడగొట్టకుండా, ముందే అనుకున్న చోట్లలోనే ఆగండి.

మొదటి మజిలీకి మిడెల్‌బర్గ్ దాటాక వచ్చే అల్జూ పెట్రోపోర్ట్ కన్నా మంచి చోటు నాకు తెలియదు. బయటి నుంచి చూస్తే మామూలు పెట్రోలు బంకు. లోపలికి వెళ్లి వెనకవైపు చేరితే, కంచెకు అవతల ఎండు గడ్డి మైదానంలో ఖడ్గమృగాలు, అడవిదున్నలు, రకరకాల జింకలు మేస్తుంటాయి. మా వాడికి నాలుగేళ్లప్పుడు అక్కడ ఒక ఖడ్గమృగం బురద ఆరిన ఒంటిని రాతికి వేసి రుద్దుకుంటుంటే కంచె పట్టుకుని నిలబడి, “దానికీ దురద పుడుతుందా?” అని అడిగాడు. తరువాత రెండు రోజులు పార్కులో తిరిగి ఎన్నో చూశాము, వాడు ఇంటికొచ్చి తాతయ్యకు ఫోనులో చెప్పింది మాత్రం పెట్రోలు బంకు ఖడ్గమృగం సంగతే. ఇక్కడ 40 నిమిషాలు ఇవ్వండి. ముందు మరుగుదొడ్డి, తరువాత తిండి, చివర జంతువులు. ఈ వరస తిరగేస్తే జంతువుల దగ్గర నుంచి పిల్లలను కదిలించలేరు, మరుగుదొడ్డి పని మిగిలిపోతుంది.

పెట్రోలు మీరు పోసుకోనక్కరలేదు, బంకు పనివారే పోసి, అద్దం తుడుస్తారు. వారికి కొన్ని రాండ్లు (ఇక్కడి డబ్బు) చేతిలో పెట్టడం ఆచారం.

రెండవ పెద్ద మజిలీ ఎంబొంబేలా, పాత నెల్‌స్ప్రూట్. భోజనం ఇక్కడే కానివ్వండి. మంచినీళ్లు, డైపర్లు, పాలపొడి వంటివి తగ్గితే ఇక్కడే కొనాలి. శిబిరాల దుకాణాలలో దొరుకుతాయి గానీ మీకు కావలసిన రకమే ఉంటుందని నమ్మకం లేదు. పెద్ద ఆసుపత్రులున్న చివరి ఊరు కూడా ఇదే, కాబట్టి బిడ్డ ఒళ్లు వెచ్చగా ఉన్నట్టు అనుమానం వస్తే ముందుకు సాగకముందే ఇక్కడ చూపించండి.

7. మచాడోడోర్ప్ తరువాత దిగుడు

జొహానెస్‌బర్గ్ సముద్రమట్టానికి 1,700 మీటర్ల పైన ఉంది. మలెలానే ప్రాంతం నాలుగు వందల మీటర్ల లోపే. మచాడోడోర్ప్ దాటాక దారి రెండుగా చీలుతుంది: ఒకటి వాటర్‌వాల్ బోవెన్, ఈలాండ్స్ లోయ మీదుగా, రెండవది స్కూమన్స్‌క్లూఫ్ మీదుగా. రెండూ మాంట్రోజ్ దగ్గర మళ్లీ కలుస్తాయి. ఏ దారిన వెళ్లినా మలుపులు, దిగుడు తప్పవు. చెవులు దిబ్బళ్లు వేసి చిన్నపిల్లలు కారణం చెప్పలేక ఏడుస్తారు. చంటిబిడ్డకు పాలసీసా ఇవ్వాలంటే దిగుడు మొదలుకాకముందే కారు ఆపి ఇచ్చి బయలుదేరండి, లేదా నోట్లో పాలపీక పెట్టండి. పెద్దపిల్లలకు నీళ్లు కొంచెం కొంచెంగా తాగమని చెప్పండి.

వాంతి అయ్యే పిల్లలకు ఈ భాగంలో ఫోను, బొమ్మల పుస్తకం రెండూ ఇవ్వవద్దు, ముందుకు చూడమని చెప్పండి. ఈలాండ్స్ లోయలో న్గొడ్వానా కాగితపు మిల్లు దగ్గర ఉడికిన క్యాబేజీ లాంటి వాసన వస్తుంది. అప్పటికే కడుపులో తిప్పుతున్న పిల్లకు అది చాలు. మిల్లుకు ముందే అద్దాలు మూసి, బయటి గాలి లోపలికి రాకుండా ఏసీ మార్చుకోండి. నాలుగుసార్లు ఆ దారిన పోతే గానీ మాకు ఈ సంగతి బోధపడలేదు.

8. ఎంబొంబేలాలో నిర్ణయం తీసుకోండి

చలికాలంలో మధ్యాహ్నం 3:00లోపు ఎంబొంబేలా వదిలితే 4:00కు గేటు, 4:30కు కాగితాల పని పూర్తి, 5:00కు బెర్గ్-ఎన్-డాల్. ఇది ఆఖరి గీత. 3:00 దాటితే ఆ రాత్రికి ఎంబొంబేలాలోనే గది తీసుకుని, శిబిరానికి ఫోను చేసి చెప్పి, మర్నాడు ఉదయం వెళ్లండి. “కొంచెం వేగంగా పోతే అందుకుంటాం” అన్న మాట అనవద్దు. చీకటి పడ్డాక ఆ దారిలో మనుషులు, పశువులు రోడ్డు దాటుతుంటారు. స్కుకూజాలో గది ఉన్నవారికి ఈ గీత మధ్యాహ్నం 1:00.

9. గేటు దగ్గర

మొసళ్ల నది అని పేరున్న క్రోకడైల్ నది మీది వంతెన దాటితే మలెలానే గేటు. ఒకరు కాగితాలతో కార్యాలయంలోకి వెళ్లేటప్పుడు మరొకరు పిల్లలందరినీ మరుగుదొడ్డికి తీసుకువెళ్లాలి. రానంటున్నా తీసుకువెళ్లండి. ఇక్కడి నుంచి శిబిరం దాకా కారు దిగడం నిషిద్ధం. రోజువారీ ప్రవేశ రుసుము మనిషికింత అని ఉంటుంది, ఇక్కడి పౌరులకు ఒక ధర, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ తాతయ్యలకు విదేశీయుల ధర. ఈ ధరలు ఏటా నవంబరు 1న మారతాయి కనుక పోయినేడాది వెళ్లినవారు చెప్పిన లెక్కను నమ్మవద్దు.

10. పార్కు లోపల ఆ చివరి 12 కిలోమీటర్లు

అద్దాలలోంచి, పైకప్పులోంచి పిల్లలు తలలు, చేతులు బయట పెట్టకూడదు. వెనక అద్దాలకు పిల్లల తాళం వేయండి. అందరూ తడబడేది ఇక్కడే: “జంతువులేమీ లేవు కదా, ఒక్క నిమిషం దింపి మూత్రం పోయిద్దాం” అని తలుపు తీస్తారు. గడ్డిలో పడుకున్న సింహం పది అడుగుల దూరంలో ఉన్నా కనబడదు. పాటీ తెచ్చింది ఇందుకే. కారు ఆపి, వెనక సీటు ముందు నేల మీద పాటీ పెట్టి, అడుగున డైపరు ఒకటి పరిస్తే చిందదు. పని కాగానే డైపరును సంచిలో ముడివేసి ఉంచి, శిబిరం చెత్తడబ్బాలో పడేయండి.

ఆ సాయంత్రమే సింహాలను వెతకడానికి దారి మళ్లవద్దు. పిల్లలు అప్పటికే ఏడు గంటలు కూర్చున్నారు. సాన్‌పార్క్స్ నడిపే తెరిచిన వాహనాల సఫారీలకు ఆరేళ్లలోపు పిల్లలను ఎక్కనివ్వరు కూడా, దానికి మర్నాడు ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లి, మిగిలిన ఇద్దరు పిల్లలతో ఈత కొలను దగ్గర ఉంటే సరిపోతుంది.

11. శిబిరంలో సాయంత్రం

సామాను దించేటప్పుడు తిండి డబ్బాలను ముందు గదిలో పెట్టి తలుపు వేయండి. మేము ఒకసారి వరండా బల్ల మీద పులిహోర గిన్నె పెట్టి పెట్టె కోసం కారు దగ్గరికి వెళ్లాము. పది అడుగులు నడిచి తిరిగి చూసేసరికి ఒక వెర్వెట్ కోతి మూత తీసి, గుప్పెడు నోట్లో కుక్కుకుని, పోపులోని ఎండుమిరపకాయను మాత్రం ఏరి కింద పారేస్తోంది. నవ్వుకున్నాము గానీ పిల్లల చేతిలో అరటిపండు ఉంటే అది నవ్వులాట కాదు, గీరుతుంది, కరుస్తుంది. బబూన్లు ఇంకా బలమైనవి. తిండి పిల్లల చేతికి గదిలోనే ఇవ్వండి. కంచె అవతల హైనా కుక్కలా నిలబడి చూస్తుంది, దానికి ఏమీ విసరవద్దు.

సూర్యుడు దిగకముందే స్నానం చేయించి పొడుగు చేతుల చొక్కా, పొడుగు లాగు, మేజోళ్లు వేయండి. మలేరియా దోమ కుట్టేది పొద్దుగుంకిన దగ్గర నుంచి తెల్లవారే వరకు. దోమల క్రీమును మీ చేతికి రాసుకుని బిడ్డకు పూయండి. వేళ్లకు, కళ్ల చుట్టూ వద్దు, వాళ్లు చేతులు నోట్లో పెట్టుకుంటారు. రెండు నెలలలోపు బిడ్డకు డీట్ (దోమలను తరిమే రసాయనం) ఉన్న క్రీము అసలు వాడకూడదు.

ఎక్కువగా జరిగే మరికొన్ని పొరపాట్లు

మాత్ర వేసే వేళ ప్రయాణం రోజున తప్పిపోతుంది, ఫోనులో అలారం పెట్టుకోండి. కారు ఆగితే మరుగుదొడ్డి వెతకాలని నీళ్లు తక్కువ ఇస్తారు, అది తప్పు; ఆరు గంటలుగా బిడ్డ మూత్రం పోయకపోతే, డైపరు పొడిగానే ఉంటే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం, వెంటనే ఓఆర్ఎస్ పట్టండి. రెండు నిమిషాలే కదా అని నిద్రపోతున్న బిడ్డను కారులో వదిలి దుకాణంలోకి వెళతారు; లోవెల్డ్ ఎండకు మూసిన కారు నిమిషాలలో పొయ్యి అవుతుంది. ఇక, క్రూగర్ దాకా వచ్చాము కదా అని మర్నాడే పక్క దేశాలకు, మపూటోకో ఎస్వాతినీకో పోవాలన్న ఉత్సాహం: అద్దె కారుకు సరిహద్దు దాటే అనుమతి పత్రం లేకపోతే వెనక్కి పంపేస్తారు.

అత్యవసరమైతే మొబైలు నుంచి 112, అంబులెన్సుకు 10177, పోలీసులకు 10111.

ఇంటికి వచ్చాక చూసుకోవలసినది

మలేరియా మాత్రలు వాడినా వంద శాతం రక్ష ఉండదు. క్రూగర్‌లో అడుగుపెట్టిన వారం తరువాత మొదలుకొని, తిరిగి వచ్చాక కొన్ని నెలల దాకా పిల్లలకు గానీ పెద్దలకు గానీ జ్వరం, చలి, తలనొప్పి, వాంతులు వస్తే, మామూలు జలుబే అని మీకు మీరే తేల్చుకోకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి, “క్రూగర్ వెళ్లి వచ్చాము, మలేరియా రక్తపరీక్ష చేయండి” అని అడగండి. ఇండియాకు తిరిగి వెళ్లిపోయిన అమ్మమ్మ తాతయ్యలకు కూడా ఈ మాట ఫోనులో గుర్తు చేయండి. అక్కడి డాక్టరు అడగకపోయినా వాళ్లే చెప్పాలి. మొదటి పరీక్షలో ఏమీ కనబడకపోయినా జ్వరం తగ్గకపోతే మరునాడు మళ్లీ చేయించండి.